వగరు

నా నాలుక మీద అతికించిన యంత్రపు బిళ్ల ఊడదు. గుటక పడగానే నా నాలుకకి తెలిసిన రుచి చదివి ఊరందరికీ చెప్పేస్తుంది. దానికి వగరంటే తెలీదు, "పాడైంది" అనేస్తుంది.

తమ్ముడు గోవర్ధన్ చేసిన నేరేడు వైన్ నా ముందుంది. వైన్ల రుచి చెప్పడం నాకు ఇరవయ్యేళ్ల పిచ్చి. నా నాలుక మెచ్చితేనే వాడి సీసా దుకాణమెక్కుతుంది.

"నేరేడన్నాక వగరుండదా అక్కా?" గ్లాసు నా ముందుకు జరిపాడు.

ఉసిరికాయ కొరికి బాగా నమిలాను. ఉసిరి తిన్న నోటికి మంచినీళ్లు కూడా తియ్యనే. అప్పుడు వైన్ గుక్కేశాను.

"చక్కటి తీపి. అయిదు స్టార్లు," అంది బిళ్ల.

వాడు ఏడ్చేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "నిజంగా ఎలా ఉందక్కా?"

"ఉసిరి తిన్నదాన్ని, నాకేం తెలుస్తుందిరా!"

వాడు మళ్లీ పోయబోతే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను. బిళ్ల ఇంకా నాలుక మీదే ఉంది. ఈ జన్మకి నా తమ్ముడి వైన్ రుచి నాకు తెలీదు.