వెనక సీటులో మనిషి

"ఆ దుప్పటి కాస్త వదులు చెయ్యమ్మా. పిల్లాడికి ఊపిరాడటం లేదు."

వెనక సీటులోంచి వచ్చిన ఆ మాటకు తుర్గునై భగ్గుమంది.

"పిల్లాడు నీవాడా, నావాడా?"

కూడలి దగ్గర సర్వీసు వ్యాను ఎక్కినప్పటి నుంచీ వెనకామె చూపు ఆ మూట మీదే ఉంది.

మూటలో ఉన్నది తుర్గునై మనవడు ఎర్నిస్. ఏడాది దాటింది. నిన్నటి నుంచి ఒళ్ళు కాలిపోతోంది. గొర్రెకొవ్వు పూసి, దుప్పట్లు చుట్టి, పైన గొర్రెతోలు కప్పి నరీన్ పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్తోంది. చెమట పడితే జ్వరం దిగుతుందని తుర్గునై నమ్మకం. వ్యాను కిటికీలు కూడా మూయించింది. ఆమె మాటంటే మాటే.

పక్కన కోడలు చినార తల వంచుకుని కూర్చుంది.

"నువ్వేం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు?" అత్త ఇటు తిరిగింది. "బిడ్డను సాకడం మీ అమ్మ నేర్పి ఉంటే కదా. మావాడు నిన్ను పెళ్ళికని ఎత్తుకొచ్చిన మర్నాడే మా మగాళ్ళు గొర్రెను తోలుకుని క్షమాపణకు పోతే, మీ నాన్న గేటు బయట నుంచే తరిమాడు. ఇప్పటిదాకా ఆ ఇంటివాళ్ళ మొహం నల్లదో తెల్లదో నాకు తెలీదు. వాళ్ళ నీడ నా గడప మీద పడనివ్వను."

చినార తల ఇంకా వంగింది. అత్తకు కోడలు ఎదురుచెప్పడం ఆ ఊళ్ళో లేదు.

వ్యాను కనుమ ఎక్కుతుండగా మూట బిగుసుకుపోయింది.

పిల్లాడి కళ్ళు తెల్లగా తేలిపోయాయి. పెదాలు నీలమయ్యాయి. చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాయి.

తుర్గునై వ్యాను నడుపుతున్న సగిన్‌కు కేకేసింది.

"సగిన్, చెంచా ఉందా? పళ్ళు గిట్టకరుచుకున్నాడు, నోట్లో పెట్టాలి."

"నోట్లో ఏమీ పెట్టకు."

వెనకామె సీటు దాటి ముందుకొచ్చేసింది. పిల్లాణ్ణి లాక్కుని సీటు మీద పడుకోబెట్టింది. తోలు, దుప్పట్లు విసిరేసింది. ఒక పక్కకు తిప్పింది. నోట్లోంచి నురగ, వెనకే వాంతి బయటికి కారిపోయాయి.

"గట్టిగా అదిమి పట్టుకోకండి. అదే తగ్గుతుంది."

తగ్గింది. పిల్లాడు పెద్దగా ఊపిరి తీసి ఏడుపు మొదలుపెట్టాడు.

ఆమె వంగి వాడి మాడు మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని గుండెల నిండా వాసన పీల్చింది. అక్కడి పెద్దవాళ్ళు పిల్లల్ని ముద్దాడేది అలాగే.

అంతసేపూ కొయ్యబారిపోయిన తుర్గునైకి అప్పుడు నోరొచ్చింది.

"జ్వరప్పిల్లాడి ఒంటిమీద నూలుపోగు లేకుండా చేసి, పైగా వాసన చూస్తావా? ఎక్కినప్పటి నుంచీ కళ్ళప్పగించి చూస్తున్నావు. నీ దిష్టే తగిలింది. సగిన్, దీన్ని దింపు."

"కనుమలో ఎక్కడ దింపను పిన్నీ? ఇక్కడ కుక్క కూడా ఉండదు."

"ఈ వ్యాను కొనిచ్చింది మీ బాబాయి. దింపమన్నానా లేదా?"

సగిన్ బ్రేకు వేశాడు.

ఆమె దిగింది. తలుపు దగ్గర ఆగి చినారతో మాత్రం అంది.

"మళ్ళీ చుట్టొద్దు. బాగా తెలివొచ్చాక గుక్కెడు గుక్కెడు నీళ్ళు పట్టు."

చినార తల వంచుకునే పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లాణ్ణి పరీక్షించి, జ్వరానికి మందు పట్టింది.

"కొందరు పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు ఇలా ఫిట్స్ వస్తాయి. అలాంటప్పుడు మూటకట్టి ఇంకా వేడి పెంచకూడదు పెద్దమ్మా. వాంతి చేసుకున్నాడా?"

"చేసుకున్నాడు."

"వెల్లకిలా ఉంటే అది ఊపిరిగొట్టంలోకి పోయేది. ఇక్కడిదాకా తెచ్చేవాళ్ళే కాదు. పక్కకు తిప్పిందెవరు?"

తుర్గునై బల్ల మీద కూలబడిపోయింది.

"నేను చెంచా అడిగాను" అంది, ఎవరితోనో తెలియనట్టు. "బిడ్డను బతికించిన మనిషిని ఆ చలిలో దింపేశాను. సగిన్, వెనక్కి పోరా. ఆమెను వెతికి తీసుకురా, కాళ్ళ మీద పడతాను. పేరైనా అడగలేదే నేను."

సగిన్ పరుగెత్తాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇలా వచ్చేదా?" డాక్టరమ్మ అడిగింది.

"మా వంశంలో లేదమ్మా."

"నాకొచ్చేది" అంది చినార.

అత్తను అడిగిన ప్రశ్నకు కోడలు నోరు తెరవడం అదే మొదలు.

"అప్పుడేం చేసేవాళ్ళు?"

"మా అమ్మ పక్కకు తిప్పి పడుకోబెట్టేది."

చినార తలెత్తి అత్త కళ్ళలోకి చూసింది.

"నాకు భయమేసి నిన్న నేనే ఫోన్ చేసి ఈ వ్యాను ఎక్కమన్నాను. మీరు కనుమలో దింపేసింది ఆమెనే, అత్తయ్యా."