వాసన చూసే మనిషి

ముసలాయన వచ్చి, యోగేష్ రిమోట్ ట్రక్కుని రెండు చేతులా ఎత్తి, బోర్లా తిప్పి, దాని పొట్టకి ముక్కు ఆనించి వాసన చూశాడు.

యోగేష్‌కి రోత పుట్టింది.

ముసలాయన వేలికి గుడాకు అంటుకుని ఉంది. పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్లటి ముద్దతో పళ్ళు తోముకుంటూ, తోముకున్నంతసేపూ ఉమ్మడం ఛత్తీస్‌గఢ్‌లో మామూలే. కానీ ఆ వేలితోనే తన బండిని ముట్టుకుంటే ఎలా?

"ఛోడ్ దో చాచా, గందా మత్ కరో," అన్నాడు, వదిలెయ్యమని, మురికి చెయ్యొద్దని.

"ఊరికే చూశాను బాబూ," అన్నాడు ముసలాయన.

తెలుగువాడు కూడానా అని యోగేష్‌కి ఇంకా రోత పుట్టింది.

రాయపూర్ నుంచి ఆరంగ్ వెళ్ళే దారిలో పాడుబడ్డ రాతిక్వారీ అది. ఆదివారాలు ఉర్లా ఫ్యాక్టరీల ఉద్యోగులు కొందరు అక్కడ చేరి, రిమోట్‌తో నడిచే చిన్న ట్రక్కుల్ని బండల మీదికి ఎక్కిస్తుంటారు. ముసలాయన బస్సు దిగి వస్తాడు. దొరికిన బండినల్లా వాసన చూస్తాడు, ఉమ్ముతాడు, పోతాడు.

"ఇంకోసారి ముట్టుకుంటే బాగోదు," అన్నాడు యోగేష్.

ఆవేళ ఎంపిక పోటీ. నెగ్గిన బండి నాగపూర్‌లో పెద్ద పోటీకి వెళ్తుంది. అందుకే నెలలు నిండుతున్న భార్య నళినిని కూడా చూడమని వెంట తీసుకొచ్చాడు. ఎండకి ఆగలేక ఆమె కారులో కూర్చుంది.

ముందు చక్రాలు తిప్పే చిన్న మోటారుని సర్వో అంటారు. బ్యాటరీ కరెంటుని తగ్గించి, దానికి నిలకడగా అందించే పెట్టె ఒకటి విడిగా బిగించాలి. యోగేష్ బిగించలేదు. వాళ్ళలో ఎవరూ బిగించరు. మూడు సెల్లుల లిథియం బ్యాటరీలో రెండు సెల్లుల దగ్గర తీగ లాగి సర్వోకి తగిలించేస్తారు. దానికి 'డైరెక్ట్' అని పేరు, పైగా అదో గొప్ప.

ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దరిచేతే గొడ్డుచాకిరీ చేయించినట్టు, ఆ రెండు సెల్లులూ ముందే పీక్కుపోతాయి. మీటరు మాత్రం మూడింటినీ కలిపి చూసి, అంతా బాగుందంటుంది.

మొదటి రౌండు యోగేషే నెగ్గాడు. బ్యాటరీ బయటికి తీసి కారు దగ్గరికి తెచ్చాడు.

"పూరీలా పొంగిందేటండీ?" అంది నళిని.

"వేడికి. చల్లారితే అదే దిగుద్ది."

చార్జరు ఎర్రదీపం చూపించి, ఎక్కించనంది. ఏ సెల్లు ఎలా ఉందో చార్జరుకి చెప్పే తెల్లపిన్ను ఒకటుంది. యోగేష్ దాన్ని పీకేసి, అది లేకుండానే మళ్ళీ చార్జింగు పెట్టాడు. ఈసారి ఒప్పుకుంది. కళ్ళు మూయించి ఒప్పించడమంటే అదే.

బ్యాటరీని నళిని కాళ్ళ దగ్గర పెట్టి, టీ తేవడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ముసలాయన కారు కిటికీలో తల దూర్చి ఉన్నాడు. ముక్కుపుటాలు ఎగరేస్తూ వాసన పీలుస్తున్నాడు.

"అమ్మా, గోళ్ళకి రంగు వేసుకుంటున్నావా?" అని అడుగుతున్నాడు.

నళిని బిత్తరపోయింది. "లేదండీ," అంది.

ముసలాయన తలుపు లాగి, వంగి, ఆమె పాదాల దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు.

"ఛీ, సిగ్గులేని ముసలాడా," అంటూ యోగేష్ పరిగెత్తాడు.

అప్పటికే ముసలాయన తీగలతో సహా బ్యాటరీని పెరికి, క్వారీ గోతిలోకి విసిరేశాడు.

యోగేష్ ఆయన చెంప పగలగొట్టాడు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. స్నేహితులూ వచ్చి తలో దెబ్బా వేశారు. ముసలాయన నోట్లోంచి గుడాకు గడ్డం మీదికి కారింది. చదువుకున్నవాళ్ళు, కడుపుతో ఉన్న ఆడమనిషి ఎదుట ఒక ముసలివాణ్ణి కొట్టడం. రోత అంటే అదీ.

"నువ్వు కిందికి దిగమ్మా," అని నళినితో ఒక్కమాట అని, ముసలాయన చెప్పులు వెతుక్కుని రోడ్డువైపు నడిచాడు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు గోతిలో బుస్సుమంది.

తెల్లటి పొగ లేచింది. దాని వెనకాలే మనిషెత్తు మంట లేచింది. నళిని పొట్ట పట్టుకుని కారు దిగింది.

పోటీకి తీర్పరిగా భిలాయి నుంచి వచ్చిన మహేంద్ర, పొగ చూసి అవతలి గట్టు నుంచి పరిగెత్తుకొచ్చాడు. జరిగింది విని, తలపట్టుకున్నాడు.

"సత్తిరాజు గారిని కొట్టినారా?"

"ఆయన మీకు తెలుసా?" అన్నాడు యోగేష్.

"మా స్నేహితుడు ఉమేష్ వాళ్ళ నాన్న. భిలాయిలో ఈ డైరెక్టు తీగ మొదట లాగింది ఉమేషే."

"ఉమేష్ ఇప్పుడెక్కడున్నాడు?"

మహేంద్ర గోతివైపు చూశాడు.

పక్కగదిలో ఉమేష్ చార్జింగుకి పెట్టిన బ్యాటరీ నుంచి ఇలాంటి వాసనే వస్తే, కొత్తకోడలు గోళ్ళకి రంగు వేసుకుంటోందనుకుని, తలుపు తట్టడం బాగోదని, మంటలు లేచేదాకా హాల్లోనే కూర్చుండిపోయిన తండ్రి ఆయన.