మూడో కడ్డీ

"ఎడమ నుంచి మూడోది. బాగా చూడు," అంటూ రచయిత భూతద్దాన్ని భార్య చేతిలో పెట్టాడు.

హాలు నిండా పందొమ్మిది బొమ్మలు పరిచి ఉన్నాయి, నడవడానికి చోటు లేదు. అన్నిట్లోనూ అదే నల్లరాతి కోట. గుమ్మంలో మెడకి తాళంచెవి కట్టుకుని నిద్రపోతున్న రెక్కల మొసలి. పైన ఏడు కడ్డీల కిటికీ, దాని వెనక ముఖం కనపడని రాకుమార్తె. అందరూ ముందు కథ రాసి తర్వాత బొమ్మ వేయిస్తారు. ఇతనికి మాత్రం బొమ్మ ముందు రావాలి, అది చూస్తేనే కలం కదులుతుంది. ఆ చిత్రకారిణే లేకపోతే తన బుర్రలో బూజు తప్ప ఏమీ లేదని అతనికి తెలుసు. బయటికి మాత్రం అనడు.

సీరియల్ ఇంకొక్క భాగమే మిగిలింది. రాకుమార్తె బయటపడుతుందా లేదా అని పాఠకులు ఉత్తరాలతో ప్రాణాలు తోడేస్తున్నారు. శుక్రవారానికల్లా ముగింపు అందకపోతే సీరియల్ మధ్యలోనే ఆపేస్తానని సంపాదకుడు తేల్చి చెప్పేశాడు. వారం రోజులుగా ఒక్క వాక్యం పడలేదు. ఈ పొద్దున ఆ కడ్డీ కంటపడే దాకా పడుతుందన్న ఆశ కూడా లేదు.

మొదటి బొమ్మలో మూడో కడ్డీ మిగతా వాటిలాగే ఉంది. అయిదో బొమ్మకి అడుగున కాస్త సన్నబడింది. పదిహేనో దాంట్లో పుల్లంత. పందొమ్మిదో దాంట్లో దారమంత.

"అరగదీస్తోంది. నాలుగు నెలలుగా ఎవరికీ తెలియకుండా అరగదీస్తోంది. ఆ చిత్రకారిణి ముగింపు నా కళ్ల ముందే పెట్టి, వీడు కనుక్కుంటాడో లేదో అని చూస్తోందన్నమాట."

భార్య భూతద్దాన్ని బొమ్మలోని కిటికీ గట్టు మీదికి జరిపింది. అక్కడ నీలం చారల టీ కప్పు ఉంది, చెవి విరిగింది. రాకుమార్తెకి ఇంతకన్నా మంచి కప్పు దొరకలేదా అని నవ్వింది. అది మాయకప్పని ఏడో భాగంలోనే రాశానని, అంటే నా సీరియల్ నువ్వే చదవట్లేదని అతను దెప్పాడు.

"ఇంతకీ ఆవిణ్ణి ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆవిడకి ఎండ పడదట, కొత్త మనుషులు పడరట. బొమ్మలన్నీ ఆవిడ అన్నగారి చేతుల మీదుగానే వస్తాయి.

మధ్యాహ్నానికి రచయిత ఆ అన్నగారి ఇంట్లో ఉన్నాడు. ఊరి చివర పాత మేడ అది. అన్నగారు మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు. ఆయన తెచ్చిచ్చిన టీ కప్పు మీద నీలం చారలు చూసి రచయితకి ఒళ్లు పులకరించింది.

"మాయకప్పు పుట్టిల్లు ఇదేనన్నమాట."

"ఆరింటి సెట్టు అది. ఒకటి పైన చెల్లెలి దగ్గరుంటుంది," అన్నాడు అన్నగారు, మెళ్లోని నల్లతాడుని చొక్కా లోపలికి తోసుకుంటూ.

పైన ఎక్కడో గరగరమని చప్పుడైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఎలకలు, పాత ఇల్లు కదా, అన్నాడు ఆయన. ఆ చప్పుడు రచయితకి ఎందుకో నచ్చలేదు. గదిలో ఒంటరిగా ఉండే మనిషికి తోడు ఈ ఎలకలా అని జాలేసింది. తన సంతోషం ఆవిడకీ వినబడితే బాగుండునని గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టాడు. ముగింపు దొరికేసిందన్నాడు. కడ్డీ సన్నబడుతూ వచ్చిందని, ఇంకొక్క గుంజు గుంజితే ఊడొచ్చేస్తుందని, చివరి బొమ్మలో రాకుమార్తె కోట బయట ఉండాలని చెప్పాడు.

అన్నగారు కప్పు కింద పెట్టాడు.

"ఏ కడ్డీ అన్నారు?"

"ఎడమ నుంచి మూడోదండీ."

"లోపల్నుంచి చూస్తేనా, బయటనుంచా?"

రచయిత నవ్వాడు. "బయటనుంచే. మనం ఉన్నది బయటే కదా."

"ఇన్ని బొమ్మలూ నా చేతుల్లోంచే వెళ్లాయి. నాకు తట్టనే లేదు," అన్నాడు అన్నగారు పైకప్పు వైపు చూస్తూ. "మీది గొప్ప ఊహ."

ఆ మాటకి రచయిత పొంగిపోయాడు. "నాదేముందండీ, అంతా ఆవిడదే. నేను కనిపెట్టేశానని మాత్రం ఆవిడకి తప్పకుండా చెప్పండి."

చెబుతానన్నాడు ఆయన. పైన చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి గేటు దగ్గర కాస్త ఇసుక, రెండు ఖాళీ సిమెంటు బస్తాలు ఉన్నాయి. తాపీమేస్త్రీ కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు. అన్నగారు చుట్టిన బొమ్మ పట్టుకుని గేటు దాకా ఎదురొచ్చాడు. లోపలికి రమ్మనలేదు. ఎలకల దారి దొరికిందని, మూయించేశానని, ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందని చెప్పాడు.

"నా మాట ఆవిడకి చెప్పారా?"

"చెప్పాను. చాలాసేపు ఏడ్చింది."

తన మనసుని ఒక్కరైనా చదివినందుకు ఏడ్చి ఉంటుందనుకున్నాడు రచయిత. అతనికీ కళ్లు చెమర్చాయి.

"ఈసారి పక్కనే కూర్చుని వేయించాను," అన్నాడు అన్నగారు.

ఇంటికి వెళ్లేదాకా ఆగలేక, బస్టాపు బెంచీ మీదే బొమ్మ విప్పాడు. రంగులు ఇంకా పూర్తిగా ఆరలేదు. కోట ఉంది. రెక్కల మొసలి మొదటిసారి మేలుకుని ఉంది. రాకుమార్తె కోసం చెట్ల మధ్య వెతికాడు, దారి పొడుగునా వెతికాడు. ఎక్కడా కనపడకపోతే, జేబులోంచి భూతద్దం తీసి కోట గోడ మీదికి జరిపాడు.

కోటకి కిటికీ లేదు.