పొడుగాయన

“మా ఆయనకింకా చెప్పలేదండీ,” అంటోంది భార్య వంటగదిలో, గొంతు బాగా తగ్గించి. “ఇంకొక్కసారి చూసుకుని చెబుదాం.”

హాల్లో కూర్చుని కళ్ళజోడు బాగుచేస్తున్న భర్త చేతిలోంచి ఆవగింజంత స్క్రూ జారి సోఫా కిందికి దొర్లింది. ఈ మధ్య అస్తమానం ఇదే గోల. కళ్ళజోళ్ళ కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఇలాంటి స్క్రూలు కబుర్లు చెబుతూనే బిగించిన మనిషి. అయినా మనసు కుదురుగా లేనివాడికి వేళ్ళు మాత్రం ఎలా కుదురుగా ఉంటాయి? నేలమీద పాకుతూ వెతుకుతున్నాడన్న మాటే గాని, చెవులు రెండూ వంటగది గుమ్మంలోనే ఉన్నాయి.

ఫోనులో ఎవరో అడగనక్కర్లేదు. పొడుగాయన. ఆమె పరిశోధన చేసే ల్యాబుకి ఆసుపత్రి నుంచి కొత్తగా వచ్చిన నరాల డాక్టరు. ఆ పేరు భర్త పెట్టిందే. అసలు పేరు పలకడం కూడా అతనికి ఇష్టం లేదు.

ఆమె బయటికొచ్చింది.

“ఎవరు?”

“ల్యాబు నుంచి.”

“ల్యాబంతా కలిసి చేసిందా ఫోను?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. “స్క్రూ మళ్ళీ పడిందా?” అని అతని వేళ్ళకేసి చూసింది.

“పడితే పడింది. నీకెందుకు?”

ఆమె వంగి, స్క్రూ వెతికి తీసి, అతని అరచేతిలో పెట్టింది. పెట్టి, ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. అతను విసురుగా లాక్కున్నాడు.

ఒకప్పుడు ఆమె పని గురించి ఊరంతా టముకు వేసింది అతనే. అద్దాల కోసం ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా మొదలెట్టేవాడు. “మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక వంటగది ఉంటుందండీ. ఏం వండాలో రాసిన చీటీ వస్తుంది. దాన్నే ఎంఆర్‌ఎన్‌ఏ అంటారు. వంటవాడు ఆ చీటీ చదువుతూ ప్రోటీను తయారుచేస్తాడు. కొందరికి వాడు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోతాడు. దాంతో నరాలు పాడవుతాయి. వాడెందుకు ఆగుతున్నాడో మా ఆవిడ కనిపెడుతోంది.”

రోగుల కణాలతో పోల్చి చూడడానికి ఏ రోగమూ లేని మనిషి కావాలంటే, మోచేతి దగ్గర గోరంత చర్మం కోయించుకున్నదీ అతనే. “రోగుల సీసాలన్నిటికీ ఎర్రమూతలు. నీలం మూత నీ ఒక్కడి సీసాకే,” అని ఆమె మురిసిపోయింది. ఆ కోత మచ్చని అతను కొట్టులో అందరికీ చొక్కా చెయ్యి మడిచి మరీ చూపించాడు.

అప్పుడొచ్చి పడ్డాడు పొడుగాయన, పానకంలో పుడకలా. ఇప్పుడు ఆదివారాలు కూడా ల్యాబే. పైగా ఇంట్లో అతిప్రేమ ఒకటి. పొద్దున్నే చొక్కా గుండీలు తనే పెడుతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా లేదు ఈ మురిపెం. తప్పు చేసినవాళ్ళకే ఇలాంటి ప్రేమ పుట్టుకొస్తుందని అతని లెక్క. ఆమె పోతే తనకింకెవరూ లేరన్నది మాత్రం లెక్కలు అక్కర్లేని సంగతి. అదే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఆ ఆదివారం ఆమె వెనకాలే వెళ్ళాడు. ల్యాబు వరండా ఖాళీగా ఉంది. చివరి గది తలుపు ఓరగా వేసుంది.

“ఎన్నాళ్ళు దాస్తారు? చెప్పేయండి,” అంటున్నాడు పొడుగాయన.

“నావల్ల కావట్లేదండీ. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలట్లేదు.”

బయట నిలబడ్డ భర్తకి ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని, గడప తట్టుకుని, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. “దాచక్కర్లేదు. వచ్చాను. చెప్పండి.”

ఆమె కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి. పొడుగాయన మాత్రం అతని మొహం చూడకుండా కాళ్ళకేసి చూశాడు. సిగ్గుపడుతున్నాడులే అనుకున్నాడు భర్త.

“ఎప్పట్నుంచి?”

“వానలు మొదలైనప్పట్నుంచి,” అంది ఆమె. “ముందు నేనే నమ్మలేదు.”

“నన్ను వదిలేసి వెళ్ళిపోతావా?” అన్నాడతను.

“నేనెక్కడికీ పోను.”

“మీరు ముందు కూర్చోండి,” అని పొడుగాయన కుర్చీ జరిపాడు. “మేం మాట్లాడుకుంటున్నది ఒకాయన కణాల గురించి. వాటిలో వంటవాడు చీటీ మధ్యలో ఆగిపోతున్నాడు. మళ్ళీ మళ్ళీ చేసి చూశాం, అదే వస్తోంది. మందు ముందుగా మొదలుపెడితే రోగం వేగం తగ్గించొచ్చు. కానీ ఆయనకింకా తెలీదు.”

ఓస్, రోగి గురించా! భర్త గుండెల మీంచి కొండంత బరువు దిగిపోయింది. వెంటనే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఈ పెద్దమనిషి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు.

“నేను వట్టి బుద్ధిలేనివాణ్ణి,” అని నవ్వాడు. “ఏవేవో ఊహించుకున్నాను. ఎవరండీ, పాపం, ఆయన?”

పొడుగాయన కిటికీవైపు తిరిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కణాలు పెంచే పెట్టె తలుపు తీసి, ఎర్రమూతల వరసలోకి చెయ్యి పెట్టి, ఒక సీసా తెచ్చి అతని ముందు ఉంచింది.

దాని మూత నీలం.