బానెట్ మీద చెయ్యి

బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఇస్రాయేలు మొహం చిట్లించాడు.

"వెచ్చగున్నది" అన్నాడు.

రబియా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను రాకముందే స్టార్ట్ చేసినవా అమ్మా?"

"అవ్ సార్. పాలకని గట్ల సెంటరు దాక పోయొచ్చిన."

"గదే వద్దన్న. పొద్దుగాల తాళం ముట్టుకోవద్దని ఫోన్ల జెప్పిన గదా."

పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఇదొక పట్టింపు. రాత్రంతా ఆగిన ఇంజన్ పొద్దున మొదటి తిప్పుకు లేస్తుందా లేదా అన్నదాంట్లోనే దాని గుట్టంతా ఉంటుంది. ముందే వేడి చేసి పెడితే ఎంత మొండి ఇంజనైనా బుద్ధిగా లేస్తుంది, కొన్నవాడికి మర్నాడు తెలుస్తుంది సంగతి. అందుకే వాళ్లు బండి రంగు చూడరు, సీట్లు చూడరు, ముందు బానెట్ తడుముతారు.

ఇస్రాయేలు నల్గొండలో హాస్టల్ వార్డెనుగా చేసి రిటైరయ్యాడు. బండి నచ్చితే నడుపుకుంటూ పోదామని సాగర్ డ్యామ్ దగ్గరి నందికొండకు బస్సులో వచ్చాడు. ఆ మీగడ రంగు ఫియట్ కారు రబియా తండ్రి బాబా మియాది. ఆయన పోయాక ఆమెకు మిగిలింది. మహబూబ్‌నగర్‌లో ఉండే తమ్ముడు నదీం "ఒక్కదానివి దాన్నేం జేసుకుంటవ్ ఆపా" అంటూ పాత బండ్ల గ్రూపులో అమ్మకానికని ఫోటో పెట్టేశాడు. పెట్టాలా వద్దా అని అడగనన్నా అడగలేదు.

"వచ్చే ఆదివారం వస్త. ఆ పొద్దు మాత్రం తాళం ముట్టకు" అన్నాడు ఇస్రాయేలు.

తిరుగు బస్సు మధ్యాహ్నానికి గాని లేదు. అంతదూరం వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టడం ఏం మర్యాద? చాయ్ పెట్టింది. తర్వాత ఖిచిడీ, అందులోకి చింతపండు పులుసులాంటి ఖట్టా వడ్డించింది. ఆయన కడుపునిండా తిన్నాడు, కడుపునిండా మాట్లాడాడు. స్టీరింగ్ పక్కనుండే గేరు గురించి, దొరకని సామాన్ల గురించి, పాత బండి ఎక్కితే నవ్వే పడుచువాళ్ల గురించి. రబియా కూడా మాట్లాడింది. చలికాలం బండి లేవాలంటే చోక్ ఎంత లాగాలో అబ్బా వేలితో చూపించేవాడని చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పాల కొట్టు దగ్గర "ఒక్క ప్యాకెట్ చాలు" అనడం తప్ప ఆమె ఇంకొకరితో మాట్లాడి చాలా రోజులైంది.

"మా ఇంట్ల రెండు బండ్లమ్మా. మనిషిని ఒక్కణ్ణి" అన్నాడు ఇస్రాయేలు వెళ్తూ.

మరుసటి ఆదివారం బానెట్ మళ్లీ వెచ్చగానే ఉంది.

"గిదేందమ్మా?"

"బ్యాటరీ దిగిపోతదేమోనని భయమైంది సార్. జర సేపే నడిపించిన."

ఆ పై ఆదివారం పక్కింటి బక్కమ్మను దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చిందట. ఆ బక్కమ్మ అప్పుడే గోడ అవతల నిక్షేపంగా వాకిలి ఊడ్చుకుంటోంది.

ఇస్రాయేలు అటు చూశాడు, ఇటు చూశాడు. భోజనం దాకా ఓపిక పట్టాడు. చేతులు కడుక్కున్నాక ఇక ఆగలేదు.

"చూడమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు. ఇంజన్ల ఏదో ఉన్నది, నువ్వు దాస్తున్నవ్. గింత మర్యాద చేస్తున్నవ్ గాబట్టి ఊకున్న. ఇంకొక్కసారి వస్త. వెచ్చగున్నదంటే ఇగ ఈ గడప తొక్క."

ఇంజన్లో లోపమా, పాడా. చలికాలం నడిమధ్యలో కూడా మొదటి తిప్పుకే లేచే బండి అది. మొదటిసారి నిజంగానే పాలకు పోయింది. తర్వాత రెండుసార్లూ కావాలనే వేడి చేసింది. చల్లటి బండి చూపిస్తే నచ్చుతుంది. నచ్చితే తీసుకుపోతాడు. బండి లేని ఇంటికి బండి కొనేవాడు మళ్లీ ఎందుకొస్తాడు? బానెట్ వెచ్చగా ఉన్నన్నాళ్లు ఇంకో ఆదివారం ఉంటుందనుకుంది.

ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది. వేడి చేస్తే ఆయన రాడు. చేయకపోతే బండితో పాటే పోతాడు. రబియాకు ఆ వారమంతా అన్నం సహించలేదు. ఏడుపొచ్చింది కూడా, ఎవరి ముందు ఏడవాలో తెలియక ఊరుకుంది. చివరికి ఒకటే అనుకుంది. తన అబద్ధాలకు అబ్బా బండికి చెడ్డపేరు రానీయకూడదు.

ఆదివారం తాళం జోలికి పోలేదు. సాగర్ నీళ్ల మీంచి వచ్చిన మంచుకు బానెట్ తడిసి చుక్కలు కారుతున్నాయి. డిక్కీలో ఉన్న అబ్బా పానాలు, స్క్రూడ్రైవర్లు తుడిచి సంచిలో పెట్టింది. సీటు మీది తువ్వాల మడిచి, కాసేపు పట్టుకుని, అక్కడే పెట్టేసింది. ఖిచిడీ మాత్రం ఎప్పటిలాగే ఇద్దరికి వండి, రెండు పళ్లేలు వరండాలో పెట్టింది.

ఇస్రాయేలు వచ్చాడు. పలకరింపు కూడా లేకుండా నేరుగా బండి దగ్గరికి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు.

"ముట్టుకోలేదు సార్" అంది రబియా. "బండి మంచిది. ఇయ్యాల తీస్కపోవచ్చు."

ఆయన ఆమె మొహం చూశాడు. వరండాలో పెట్టిన రెండు పళ్లేలు చూశాడు. తడిసిన అరచేతిని మెల్లగా చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఏడ సల్లగున్నదమ్మా, ఇంకా వెచ్చగనే ఉన్నది. వచ్చే ఆదివారం వస్త."