దిగిపొమ్మని చెప్పేదెవరు

ఇవాళ ఎలాగైనా చెప్పేయాలనుకుని, ఫెడరల్ జడ్జి ఆర్విల్ హేగెన్ తన మిత్రుడు, సాటి జడ్జి మెరిట్ లిండ్ గదికి బయల్దేరాడు.

జడ్జి కావడానికి అమెరికా రాజ్యాంగం పెట్టిన అర్హతలు సున్నా. వయసు అడగదు. లా చదివావా అనీ అడగదు. ఎక్కినవాణ్ణి దించాలంటే మాత్రం అక్కడి చట్టసభ కాంగ్రెసంతా కూడి నేరం రుజువు చెయ్యాలి. మతిమరుపు నేరం కాదు. అందుకే నెబ్రాస్కాలోని ఆ కోర్టులో ఒక ఆచారం ఉంది. జడ్జి తడబడుతుంటే, ప్రాణమిత్రుడే వెళ్లి 'ఇక చాలు' అని చెవిన వెయ్యాలి.

పోయిన వారం, నిర్దోషి అని జ్యూరీ తేల్చిన రైతుకి పన్నెండేళ్ల శిక్ష చదివేశారు. గుమస్తా దగ్గి దగ్గి ఆపకపోతే, ఆ రైతు ఈపాటికి జైల్లో బంగాళాదుంపల తొక్క తీస్తుండేవాడు. చీఫ్ జడ్జి ఈ మిత్రులిద్దర్నీ పిలిచి మాట్లాడింది. అందులో హేగెన్‌కి గుర్తున్నది ఒకటే: చెప్పాల్సింది స్నేహితుడే.

లిండ్ సంగతి అందరికీ తెలుసు. వాదనల మధ్య అతను కునుకు తీసి లేచేసరికి ఇద్దరు లాయర్లు పెళ్లి చేసుకుని, విడాకులు కూడా తీసుకున్నారని కోర్టులో చెప్పుకుంటారు.

"రారా, నేనే నీ దగ్గరికి వద్దామనుకుంటున్నా," అన్నాడు లిండ్, మిఠాయి రొట్టెల డబ్బా ముందుకు తోస్తూ. "ఇంగ్రిడ్ చేసింది. తిను."

"మీ ఆవిడ బాగుందా?"

"బాగుంది."

హేగెన్ గొంతు సవరించుకున్నాడు. యాభై ఏళ్ల స్నేహం. నల్ల గౌను విప్పేస్తే వీడికి ఇంకేం మిగులుతుంది?

"ఈ గౌను బరువనిపించట్లేదట్రా నీకు? హాయిగా చేపలు పట్టుకోవచ్చుగా."

లిండ్ అతనికేసి అలాగే చూశాడు. "చేపలా? నన్ను చూస్తే అవి నవ్వుతాయిరా."

"నన్ను చూసి ఏడుస్తాయిలే."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తొందరగానే అయిపోయింది.

"మీ ఆవిడ బాగుందా?" అన్నాడు హేగెన్, మాట మార్చడానికి.

లిండ్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "బాగుందిరా."

"సరే, రేపొస్తా," అని హేగెన్ లేచాడు. చెప్పలేకపోయాడు.

తలుపు మూసుకున్నాక లిండ్ చీఫ్ జడ్జికి ఫోన్ చేసి అన్నాడు: "నావల్ల కాలేదమ్మా. 'ఆ రైతుకి శిక్ష చదివింది నువ్వే, ఇక దిగిపోరా' అని వాడికెలా చెప్పను, నన్ను దిగిపొమ్మనడానికి వాడే వచ్చి కూర్చుంటే?"