బయటి గొళ్ళెం

“ఏవండీ, తలుపు తీయండి! మీటింగ్ మొదలైపోతుంది!”

దర్జీ కుట్టుమిషన్ తొక్కుతూనే ఉన్నాడు.

లోపల ఉన్నది ఆయన భార్య. పట్టణానికి కొత్తగా గెలిచిన కౌన్సిలర్. ఈ రోజు కౌన్సిల్ తేల్చాల్సింది ఒక్కటే. ఊరంతా తాగే చెరువును రంగుల ఫ్యాక్టరీకి రాసివ్వాలా, వద్దా? ఇటు సగం, అటు సగం. ఆమె చెయ్యి మీదే అంతా ఆగింది.

నిన్న సాయంత్రం వాళ్ళ కొడుకును దొంగతనం కేసులో స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఆ కేసు ఎవరు పెట్టించారో వీధిలో కుక్కలకు కూడా తెలుసు. ఫ్యాక్టరీ మనిషి ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడాడు. చెరువు మాదైతే రేపు రాత్రికి మీవాడు ఇంట్లో భోంచేస్తాడు. కాకపోతే ఏళ్ళు పట్టొచ్చు.

పొద్దున ఆమె స్నానం చేసి గదిలోకి వెళ్ళగానే దర్జీ బయట గొళ్ళెం పెట్టాడు.

“ఊరందరి ముందు ప్రమాణం చేశానండీ! భయం లేకుండా, నావాళ్ళు పరాయివాళ్ళు అనే తేడా లేకుండా నడుచుకుంటానని. మీటింగ్‌కే వెళ్ళకపోతే ఆ మాట ఏమైపోవాలి?”

“ఒంట్లో బాలేదని కబురు పంపాన్లే.”

“మొగుడి చాటున దాక్కుందంటారు!”

“అననీ. నోళ్ళకు గుండీలు కుట్టలేను కదా.”

“గుడ్డలు కత్తిరించీ కత్తిరించీ మీ గుండె కూడా కత్తెరైపోయింది!”

మిషన్ చప్పుడు పెరిగింది. కాసేపటికి ఆమె గొంతు దిగింది.

“వాడు నాకూ కొడుకేనండీ.”

“తెలుసు. అందుకే కదా గొళ్ళెం.”

“ఇన్నేళ్ళు కాపురం చేశారు. నా మీద నమ్మకం ఇంతేనా?”

దర్జీ ఇంకా జోరుగా తొక్కాడు. సూదిలో దారం లేదు.

తలుపు దబదబలాడింది. చాలాసేపు. తర్వాత ఆగిపోయింది.

ఫోన్ మోగింది. కౌన్సిల్‌లో ఆమె పక్క కుర్చీలో కూర్చునే సభ్యుడు.

“బావగారూ, అక్కయ్యకు ఎలా ఉంది? చెప్పండి, సంతోషిస్తుంది. ఓట్లు సరిసమానం. సగం దాటలేదు కాబట్టి తీర్మానం వీగిపోయింది. చెరువు మనదే!”

దర్జీ ఫోన్ పెట్టేశాడు. లేచాడు. గోడ పట్టుకుని వెళ్ళి గొళ్ళెం తీశాడు.

ఆమె గడప దగ్గరే కూలబడి ఉంది. అరచేతులు కమిలిపోయాయి.

“చెరువు?”

“ఉంది.”

“అబ్బాయి?”

దర్జీ తల దించుకున్నాడు.

“తల్లినండీ, వెళ్ళానంటే వాళ్ళకే చెయ్యెత్తేస్తాను, రేపు నేను ఏడ్చినా, తిట్టినా, ప్రమాణం గుర్తుచేసినా సరే తలుపు మాత్రం తీయకండి” అని నిన్న ఆయన చేత ఒట్టు వేయించుకున్నది ఆమే.